పాత డీజిల్ పికప్ పొల్యూషన్ టెస్టులో పాసవ్వాలంటే: ముందు గాలి, తర్వాత డీజిల్, పంపు ఆఖర్న

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: “బండి బ్రేకుకి (ఫిట్‌నెస్ తనిఖీకి) పెట్టాలి, పొల్యూషన్ పాసవ్వట్లేదు. మెకానిక్ డీజిల్ పంపు దింపాల్సిందే అంటున్నాడు. దింపించమంటారా?” చాలా బళ్లకు నా సమాధానం ఒకటే. ఇప్పుడే వద్దు. పంపు పని ఖరీదైనది, రెండు మూడు రోజులు బండి ఆగిపోతుంది. అంతా అయ్యాక చూస్తే అసలు దోషం మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌దో, పగిలిన రబ్బరు పైపుదో అయి ఉంటుంది.

బొలెరో పికప్, టాటా 207, టాటా ఏస్, దోస్త్ లాంటి బీఎస్-3, బీఎస్-4 (బీఎస్ అంటే భారత్ స్టేజ్, పొగ విషయంలో ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ బళ్ల గురించే ఇక్కడ చెబుతున్నాను. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బళ్ల కథ వేరు, వాటిని కంపెనీ స్కానర్ ఉన్నచోటే చూపించాలి.

మీ బండికి పరిమితి ఎంత?

ముందు ఆర్‌సీ తీసి అందులో బీఎస్ ఎంత అని ఉందో చూడండి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బళ్ల అమ్మకాన్ని, రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు ఆపేసింది కాబట్టి ఆ తర్వాత కొన్న కొత్త బండి బీఎస్-4 అనుకోవచ్చు. అంతకుముందుదైతే ఊహించకండి, కాగితం చూడండి.

డీజిల్ బండికి కొలిచేది పొగ సాంద్రత. దాన్ని మిషను ‘కే’ విలువగా చూపిస్తుంది. బీఎస్-4కి ముందు బళ్లకు అది 2.45 దాటకూడదు, హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో (పొగ మందం చెప్పే మరో కొలత) చెప్పాలంటే 65. బీఎస్-4కి 1.62, అంటే 50 యూనిట్లు. ఈ తేడా చిన్నది కాదు. పక్క బండి 2.1కి పాసైంది, నాది 1.9కి ఎందుకు ఫెయిలైందని గొడవపడేవాళ్లలో చాలామంది బండి బీఎస్-4.

సర్టిఫికెట్ చెల్లుబాటు బీఎస్-4కైతే ఏడాది, అంతకుముందు బళ్లకు ఆరు నెలలు. అది లేకుండా దొరికితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద జరిమానా రూ.10,000 దాకా వెళ్లొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి ఎలాగూ తప్పించుకోలేరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొత్త ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్. కంపెనీవి గానీ పేరున్న బ్రాండువి గానీ. మార్కెట్లో సగం ధరకు దొరికే ఫిల్టర్ల కాగితం పలచగా ఉంటుంది, వాటి జోలికి పోవద్దు.
- స్పానర్ల సెట్టు, టార్చ్, పాత టూత్‌బ్రష్, కార్బ్ క్లీనర్ స్ప్రే, ఈజీఆర్ వాల్వ్ (అదేంటో 5వ మెట్టులో చెబుతాను) గ్యాస్కెట్.
- తెల్ల గుడ్డ ముక్కలు రెండు.
- బీఎస్-4 కామన్ రైల్ (డీజిల్ పడటాన్ని కంప్యూటర్ నడిపే) బండైతే, ఆ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే చవక ఓబీడీ స్కానర్, లేదా అది ఉన్న మెకానిక్.
- యాక్సిలరేటర్ తొక్కడానికి ఇంకో మనిషి.

1. పొగ రంగు చూడండి

ఇంజిన్ బాగా వేడెక్కాక, బండిని బయట గాలి ఆడే చోట న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి. షెడ్డులో తలుపులు మూసి ఈ పని చేయొద్దు. తెల్ల గుడ్డను కర్రకు కట్టి సైలెన్సర్ చివరికి అడుగు దూరంలో పట్టుకుని, మూడుసార్లు గట్టిగా తొక్కమనండి. ఆ గుడ్డ మీద తేదీ రాసి దాచండి. పని అయ్యాక రెండో గుడ్డతో పోల్చి చూడాలి.

నల్ల పొగ వస్తే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. ఈ వ్యాసం ప్రధానంగా ఆ బండికే. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. అంటే దోషం రింగులదో, వాల్వ్ సీళ్లదో, టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది) సీల్‌దో. ఫిల్టర్లు మార్చినా అది పోదు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయేమో చూడండి. తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం, తగ్గకపోతే టైమింగో నాజిలో (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేది). నీలం, తెలుపు అయితే కింది మెట్లలో డబ్బు తగలేయకుండా నేరుగా ఇంజిన్ పని తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి.

2. గాలి దారి

ఎక్కువ బళ్లు బాగుపడేది ఇక్కడే. పోర్టు దగ్గర, మల్కాపురం, స్టీల్ ప్లాంటు రోడ్లలో తిరిగే బళ్లకు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు. బొగ్గు ధూళి సన్నగా ఉంటుంది, పైకి ఫిల్టర్ బాగానే కనిపిస్తుంది. మడతల మధ్య టార్చ్ పెట్టి లోపలి నుంచి చూడండి. వెలుతురు అంతటా సమానంగా రాకపోతే మార్చేయండి.

కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగొద్దు. కంప్రెసర్ గాలి కొట్టాల్సి వస్తే లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. బయటి నుంచి కొడితే ధూళి కాగితంలోకి ఇంకా దిగుతుంది, కాగితం చిరిగితే ఆ ధూళంతా బోరులోకి (సిలిండర్‌లోకి) పోతుంది. ఫిల్టర్ తీసినప్పుడు డబ్బా లోపల గుడ్డతో తుడవండి, ఫిల్టర్ అంచు రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడమండి.

ఫిల్టర్ తర్వాత టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) పైపులు. పాత ఏస్ లాంటి టర్బో లేని బండైతే ఫిల్టర్ నుంచి మానిఫోల్డ్ దాకా ఉన్న పైపు ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది. టర్బో ఉంటే మాత్రం ప్రతి రబ్బరు పైపునూ కింది వైపు నుంచి చూడాలి. పైన నిగనిగలాడే పైపుకే కింద, క్లాంపు అంచున, గోరు పట్టేంత చీలిక ఉంటుంది. దాని చుట్టూ నల్లటి ఆయిల్ జిడ్డు పట్టి ఉంటుంది. గుర్తు అదే. పైన ఒక మనిషి యాక్సిలరేటర్ తొక్కుతుంటే ‘ఉస్స్’మని వినిపిస్తుంది. టర్బో నెట్టిన గాలి బయటికి పోయి, డీజిల్ మాత్రం అంతే పడుతుంటే నల్ల పొగ రాక ఏమొస్తుంది? ఫ్యాన్, బెల్టులు తిరుగుతుంటాయి కాబట్టి ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి లోపలికి పెట్టొద్దు, చెవితో వినండి చాలు. చీలిన పైపుకు టేపు చుట్టి టెస్టుకు వెళ్తే, గట్టిగా తొక్కినప్పుడు టేపు ఊడిపోతుంది. పైపే మార్చండి.

ఇంజిన్ ఆపి, చల్లారాక టర్బో ముందు పైపు తీసి లోపలి చక్రాన్ని వేలితో కదపండి. పక్కకు సన్నగా కదిలితే ఫర్వాలేదు. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు తగిలిన గీతలు కనిపించినా టర్బో పని ఉంది.

3. డీజిల్

ఫిల్టర్ మార్చే ముందు దాని అడుగున ఉన్న డ్రెయిన్ విప్పి గాజు సీసాలోకి కొంచెం పట్టండి. అరగంటకు అడుగున నీళ్లు తేరితే ట్యాంకు కూడా కడిగించాలి. వానాకాలంలో, ట్యాంకు మూత రబ్బరు పోయిన బళ్లలో ఇది మామూలే. ఫిల్టర్ మార్చాక చేతి పంపుతో గాలి పూర్తిగా తీసేయండి. గాలి మిగిలితే ఇంజిన్ తడబడి పొగ ఇంకా ఎక్కువవుతుంది, ఫిల్టరే చెడ్డదని మీరు అనుకుంటారు.

కిరోసిన్ కలిపితే పొగ తగ్గుతుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వినకండి. పంపుకీ నాజిళ్లకీ జారుదనం ఇచ్చేది డీజిలే. కిరోసిన్‌తో అది పోతుంది. టెస్టు పాసవుతుందో లేదో గానీ పంపు పని మాత్రం తప్పదు. సీసాల్లో అమ్మే ఇంజెక్టర్ క్లీనర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కాస్త మసి వదిలిస్తాయేమో, అరిగిన నాజిల్‌ను అవి బాగు చేయలేవు.

4. ఆయిల్, టాపెట్లు, థర్మోస్టాట్

డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే తగ్గించండి. ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపు గుండా ఇంజిన్‌లోకే వెళ్లి కాలుతుంది. టాపెట్ (ఇంజిన్ వాల్వులను కదిపే భాగం) శబ్దం వస్తుంటే సెట్ చేయించండి, ఖర్చు తక్కువ.

మన ఎండలకు ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోకుండా ఆపేది) తీసి పారేసిన బళ్లు బోలెడు. అలాంటి బండి గంట నడిపినా పూర్తిగా వేడెక్కదు, చల్లటి ఇంజిన్‌లో డీజిల్ సరిగ్గా కాలదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటే ముందు దీన్ని అడగండి. కొత్తది వేయించండి. దానితో బండి నిజంగా వేడెక్కిపోతుంటే రేడియేటర్ శుభ్రం చేయించాలి గానీ, థర్మోస్టాట్ మళ్లీ తీసేయకూడదు.

5. ఈజీఆర్ వాల్వ్

ఇది పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపుతుంది. తెరుచుకుని ఇరుక్కుపోతే కొత్త గాలి రావాల్సిన చోట పొగే వస్తుంది, తొక్కగానే నల్లగా కక్కుతుంది. అన్ని బీఎస్-3 బళ్లకూ ఇది ఉండదు, ముందు మీ ఇంజిన్‌కు ఉందో లేదో చూసుకోండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసి, వాల్వ్ విప్పండి. లోపల మసి పొడిగా ఉండదు. ఆయిల్ ఆవిరితో కలిసి తారులా గట్టిపడి ఉంటుంది, ఒక్కోసారి వేలు దూరే దారిలో పెన్సిల్ పట్టేంత సందే మిగులుతుంది. క్లీనర్ కొట్టి, పావుగంట నాననిచ్చి, బ్రష్‌తో రుద్దండి. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వ్ కూర్చునే అంచు పాడవుతుంది. కరెంటు మోటారు ఉన్న వాల్వ్ అయితే మోటారు భాగాన్ని డీజిల్‌లో ముంచొద్దు. కార్బ్ క్లీనర్ స్ప్రే త్వరగా మండుతుంది, చుట్టుపక్కల బీడీ, వెల్డింగు ఉండకూడదు.

వాక్యూమ్‌తో పనిచేసే వాల్వ్ అయితే చిన్న పరీక్ష ఉంది. దాని సన్న పైపు మూతికి చేతి వాక్యూమ్ పంపు పెట్టి లాగండి. లోపలి కాడ పైకి లేచి అలాగే నిలబడాలి. వెంటనే కిందికి జారితే డయాఫ్రమ్ చిరిగింది, కడిగి ప్రయోజనం లేదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్టే వేయండి.

ఇక రేకు ముక్క పెట్టి ఈజీఆర్ మూసేయడం. నిజం చెప్పాలంటే మూస్తే నల్ల పొగ తగ్గొచ్చు కూడా. ఈజీఆర్ తగ్గించేది నైట్రోజన్ ఆక్సైడ్లను, మన పొల్యూషన్ టెస్టు డీజిల్ బండిలో వాటిని కొలవదు. అందుకే ఆటోనగర్‌లో ఇది అంత సులువుగా అమ్ముడుపోయే చిట్కా. కానీ కంపెనీ ఇచ్చిన అమరికను ఇలా మార్చడం చట్టం ఒప్పుకోదు. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఫిట్‌నెస్‌లో కంట పడితే బండి వెనక్కే. కామన్ రైల్ బండిలోనైతే డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. మీకంటే ముందు ఓనరు మూసి ఉండొచ్చు, సెకండ్ హ్యాండ్ బండైతే ఆ రేకు ఉందేమో వెతకండి.

స్కానర్ ఉంటే ఈ దశలో పెట్టండి. పీ0401 వస్తే ఈజీఆర్ గుండా తక్కువ పొగ వెళ్తోంది, పీ0402 వస్తే ఎక్కువ వెళ్తోంది, పీ0101 వస్తే గాలి కొలిచే సెన్సార్ లెక్క తప్పుతోంది. ఆ సెన్సార్‌ను దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి, తీగను వేలితో ముట్టకూడదు. కోడ్ చెరిపేసి టెస్టుకు పరుగెత్తితే లాభం లేదు. కారణం అలాగే ఉంటే దీపం మళ్లీ వస్తుంది.

6. సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్

ఫిషింగ్ హార్బర్‌లో చేపల లోడు ఎత్తే బళ్లకు ఐసు నీళ్లు, ఉప్పు కలిసి కారి సైలెన్సర్‌ను అడుగు నుంచి తినేస్తాయి. చల్లగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, మెత్తగా బోలుగా వినిపించిన చోట తుప్పు. రంధ్రముంటే రీడింగు తేడా వస్తుంది, శబ్దం వల్ల ఫిట్‌నెస్‌లోనూ ఆపుతారు. చిన్న రంధ్రమైతే వెల్డింగు, జల్లెడైపోతే కొత్తది.

కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) లోపలి జాలీ తీసేయమని సలహా ఇస్తారు. అది కూడా పైన చెప్పిన మార్పు కిందికే వస్తుంది. లోపల మూసుకుపోయిందని అనుమానమైతే విప్పించి చూడండి, పగిలిపోయి ఉంటే మార్చడం తప్ప దారి లేదు.

7. ఇప్పుడు నాజిళ్లు, పంపు

ఇంతవరకూ చేశాక రెండో గుడ్డతో చూడండి. మొదటి గుడ్డంత నల్లగానే ఉంటే అప్పుడు నాజిళ్లు విప్పించండి. పంపు కాదు, నాజిళ్లు. వాటిని టెస్టర్ మీద పెట్టి కొట్టేటప్పుడు మీరు పక్కనే ఉండండి. డీజిల్ సన్నటి మంచులా, అన్ని వైపులా ఒకేలా చిమ్మాలి. ఒక గీతలా కారినా, ఆపాక కొసన బొట్టు నిలిచినా ఆ నాజిల్ పోయినట్టే. ఆ చిమ్మే ధారకు చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మం లోపలికి దూసుకుపోతుంది. కామన్ రైల్ బండిలో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి నడుస్తున్న ఇంజిన్‌లో ఆ పైపులు వదులు చేయనే చేయొద్దు.

తిరిగి బిగించేటప్పుడు రాగి వాషర్లు కొత్తవి, ఒక్కొక్క నాజిల్‌కు కంపెనీ చెప్పినన్నే. పాత వాషర్ లోపలే అంటుకుని ఉండగా దాని మీద కొత్తది పడిందంటే నాజిల్ కొస పైకి జరిగి, బాగుచేసిన నాజిల్ కూడా పొగ పెడుతుంది. కామన్ రైల్ ఇంజెక్టర్లు మారిస్తే వాటి మీది కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించారా అని అడగండి.

పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గించడం అందరికీ తెలిసిన కిటుకు. టెస్టు పాసవుతుంది, లోడుతో సింహాచలం కొండ ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది, మర్నాడే మళ్లీ తిప్పేస్తారు. కంపెనీ సెట్టింగు కంటే డీజిల్ ఎక్కువ పడేలా ఎవరైనా తిప్పి ఉంటే మాత్రం పంపు షాపులో బెంచి మీద సరిచేయించండి, అది న్యాయమైన పని.

అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయండి. ఆవిరి బుసబుసా కొడుతుంటే కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది) చేయించండి. బోరు పనికి సిద్ధపడాల్సి రావచ్చు.

8. టెస్టు రోజు

చల్లటి బండితో వెళ్లకండి. గాజువాక నుంచి అనకాపల్లి వైపు హైవే మీద గానీ, ఆనందపురం-పెందుర్తి రోడ్డులో గానీ అరగంట నడపండి. వేగం కోసం కాదు, పరిమితిలోనే ఉంటూ ఒక గేరు తక్కువలో, ఇంజిన్ కాస్త పని చేసేలా. సైలెన్సర్‌లో పేరుకున్న మసి వదులుతుంది. అక్కణ్నుంచి నేరుగా సెంటర్‌కి రండి. లైన్లో అరగంట ఐడ్లింగులో పెడితే మళ్లీ మసి చేరుతుంది. వరుస పొడవుగా ఉంటే ఇంకో సెంటర్‌కి, లేదంటే మీ వంతు ముందు చిన్న చుట్టు తిప్పి రండి.

ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఓటీపీ వచ్చే ఫోను పట్టుకెళ్లండి. నంబరు ప్లేటు ఫోటో తీస్తారు, మట్టి తుడవండి. ఆయిల్, కూలెంట్ మట్టం చూశాకే టెస్టుకివ్వండి. ఇంజిన్‌ను పూర్తి వేగం దాకా లేపుతారు, బెల్టు అరిగిపోయి ఉంటే అప్పుడే తెగొచ్చు.

ఆపరేటర్ మిషన్‌ను జీరో చేశాడా, గొట్టం సైలెన్సర్‌లోకి సరిగ్గా దూర్చాడా, బీఎస్ సరిగ్గా ఎంచాడా చూడండి. అడగడానికి మొహమాటపడొద్దు. పెడల్ ఒక్కసారిగా అడుగు దాకా తొక్కాలి, ఇంజిన్ పూర్తి వేగానికి చేరాక వదలాలి. మొదటి రెండు మూడు సార్లు మసి పోవడానికే. ఆ తర్వాత రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా రావాలి. ఒకటి 1.2, తర్వాతది 2.3 వస్తుంటే తొక్కడంలో తేడా ఉంది, లేదా బండి ఇంకా వేడెక్కలేదు.

ఫెయిలైతే

రిజెక్షన్ స్లిప్ అడిగి తీసుకోండి. 2021 నుంచి దేశమంతా ఒకే నమూనాలో ఇవ్వాలని నిబంధన ఉంది. అది మెకానిక్‌కు చూపించొచ్చు, మిషను మీద అనుమానముంటే ఇంకో సెంటర్‌లో మళ్లీ పరీక్ష చేయించొచ్చు. పరిమితికి కొంచెం పైన ఆగిందంటే నేనైతే 2వ, 5వ మెట్లు మళ్లీ చూస్తాను. రెట్టింపు వచ్చిందంటే నాజిళ్లే.

బండి తీసుకురాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లు దొరుకుతారు. ఆ కాగితంతో రోడ్డు మీద పొగ ఆగదు, ఆపి మిషను పెడితే అక్కడే దొరికిపోతారు.

పాసయ్యాక

కాగితం మీద రిజిస్ట్రేషన్ నంబరు, బీఎస్, గడువు తేదీ అక్కడే సరిచూడండి. బీఎస్-4 బండికి ఆరు నెలలే పడితే బీఎస్ తప్పుగా ఎక్కించి ఉంటారు, వెంటనే సరిచేయించండి. ఇంటికెళ్లాక పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి ఎక్కిందో లేదో చూడండి. ఫిట్‌నెస్‌కు స్లాటు పెట్టేముందు గ్రీన్ ట్యాక్స్, పాత చలాన్లు మిగిలి ఉంటే అవీ కట్టేయండి. వచ్చిన ‘కే’ విలువను ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత మీద పెయింట్ పెన్నుతో రాయండి. వచ్చేసారి అంతకంటే ఎక్కువొస్తే మొదట విప్పాల్సింది ఆ డబ్బానే.